లూసర్న్‌లో "తెగుళ్లను తట్టుకునే రకం" కొనే ముందు: బెంగళూరు చుట్టుపక్కల పాడి రైతులకు ఒక పోలిక

హొసకోటె, చింతామణి, దేవనహళ్లి వైపు పాడి పెట్టుకున్న మనవాళ్లు దాణా బిల్లు చూసి బెంబేలెత్తినప్పుడల్లా లూసర్న్ (అల్ఫాల్ఫా అనే పప్పుజాతి పచ్చిమేత) మాట ఎత్తుతారు. అందులో న్యాయం ఉంది. సూపర్ నేపియర్ గడ్డి ఎంత ఎత్తు పెరిగినా దాంట్లో మాంసకృత్తులు తక్కువ. లూసర్న్‌లో ఎండు పదార్థం లెక్కన 18 నుంచి 20 శాతం ఉంటాయి. పచ్చి మేతలో అయిదో వంతు ఎండు పదార్థం అనుకుంటే, అయిదు కిలోల లూసర్న్‌తో ఆవుకు దాదాపు 200 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. 20 శాతం మాంసకృత్తులున్న దాణా ఒక కిలో పెడితే వచ్చేవీ అంతే. ఇక్కడి కన్నడిగులు దీన్ని కుదురె మెంతె, అంటే గుర్రపు మెంతి అంటారు. రేసు గుర్రాల ఊరు కదా, ఆవులకు సరిపోగా మిగిలితే కొనేవాళ్లకూ కొదవ లేదు.

చిక్కంతా విత్తనం దగ్గర. మార్కెట్‌లో దొరికే పాకెట్ల మీద, సోషల్ మీడియా ప్రకటనల్లో, ఈ మధ్య అన్నిచోట్లా ఒకటే మాట: "అన్ని తెగుళ్లనూ తట్టుకుంటుంది". ఆ మాటకు రెట్టింపు ధర కట్టొచ్చా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. నా మటుకు నేను రకం ఎంచుకునే ముందు చూసేది నేలలో నీళ్లు నిలుస్తాయా, నేల పులుపు ఎంత, మన మడిలో నిజంగా వచ్చే తెగులు ఏది అని. పాకెట్ మీద పట్టిక ఎంత పొడుగుందన్నది ఆ తర్వాతి సంగతి.

తట్టుకునే రకం ఎలా తయారవుతుంది

ఇది తెలిస్తే సగం ప్రకటనలు వాటంతటవే తేలిపోతాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వరిలోనో వేరుశనగలోనో ఒక రకం అంటే మడిలోని మొక్కలన్నీ దాదాపు ఒకే అచ్చు. లూసర్న్ అలా కాదు. ఇది పరపరాగ సంపర్కం మీద బతికే పంట. తేనెటీగ వచ్చి పువ్వు మీద వాలి, లోపల బిగబట్టి ఉన్న కేసరాలను విడిపిస్తేనే గింజ బాగా కడుతుంది. పైగా దీనికి క్రోమోజోములు నాలుగేసి జతకట్టి ఉంటాయి, మొత్తం 32. సొంత పుప్పొడితోనే తరాల తరబడి గింజ కట్టిస్తే మొక్క నీరసపడిపోతుంది. అందుకని లూసర్న్‌లో శుద్ధమైన వరుస అంటూ తీయడం కుదరదు. రకం అంటే ఒక మనిషి కాదు, ఒక ఊరు. ఊళ్లో జనం పోలికలు కలుస్తాయి గానీ అందరూ ఒకేలా ఉండరు. కొందరికి జలుబు చేస్తుంది, కొందరికి చేయదు.

శాస్త్రవేత్తలు చేసే పని ఆ ఊళ్లో జలుబు చేయని జనం వాటా పెంచడం. ఉదాహరణకు ఆంత్రాక్నోస్ అనే కాండం తెగులు. వేల మొలకలను ట్రేలలో పెంచి, లేతగా ఉన్నప్పుడే వాటి మీద ఆ శిలీంధ్రపు బీజాలు చల్లి, తేమలో ఉంచుతారు. చాలావరకు చచ్చిపోతాయి. బతికిన కొద్ది మొక్కలను మరో చోట నాటి, వల కట్టి లోపల తేనెటీగలను వదిలి వాటిలో వాటికే సంకరం జరిగేలా చూస్తారు. వచ్చిన గింజ మళ్లీ ట్రేలోకి, మళ్లీ తెగులు, మళ్లీ ఏరివేత. ఇలా కొన్ని చుట్లు తిరిగేసరికి తట్టుకునే మొక్కల శాతం పెరుగుతుంది. వేరుకుళ్లుకైతే మడిని నీళ్లతో ముంచి మరీ పరీక్షిస్తారు.

అందుకే అమెరికాలో రేటింగు ఇచ్చేటప్పుడు మొక్కల శాతాన్నే లెక్క తీసుకుంటారు. పరీక్షలో నూటికి 50కి మించి మొక్కలు తట్టుకుంటే "అత్యధిక నిరోధకత", 31 నుంచి 50 అయితే "నిరోధకత", 15 నుంచి 30 అయితే "మధ్యస్థం", 6 నుంచి 14 అయితే "తక్కువ". అంతకన్నా కిందున్నదాన్ని తట్టుకోలేనిదిగానే లెక్కేస్తారు. అంటే పాకెట్ మీద అన్నిటికన్నా పెద్ద ముద్ర ఉన్న రకంలో కూడా దగ్గర దగ్గర సగం మొక్కలు ఆ తెగులుకు లొంగేవే అయి ఉండొచ్చు. ఇది మోసమేమీ కాదు, ఈ పంట స్వభావమే అంత. లూసర్న్ గింజలు కిలోకి నాలుగు లక్షలకు పైనే ఉంటాయి. ఎకరానికి ఎనిమిది నుంచి పది కిలోలు చల్లుతాం, మొదటి ఏడాదిలోనే చాలా మొక్కలు పోటీకి ఆగలేక పోతాయి. పాతబడిన మడిలో చదరపు అడుగుకి నాలుగైదు బలమైన దుబ్బులు మిగిలితే చాలు, కోత బాగానే వస్తుంది. ఆ మిగిలేవి తట్టుకునేవి కావాలి, అంతే.

రైతులు తరచూ అడిగే ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది: "ఒకసారి మంచి విత్తనం కొని, దాన్నుంచే మనం గింజ కట్టించుకోవచ్చు కదా?" ఒక తరానికి పరవాలేదు. కానీ పక్క మడిలో ఎవరిదో నాటు లూసర్న్ పూతలో ఉంటే తేనెటీగ గట్టు చూసి ఆగదు. తరం మారే కొద్దీ తట్టుకునే మొక్కల వాటా కరిగిపోతుంది. నిరోధకత కోసమే ఎక్కువ ధర పెట్టినప్పుడు, ఇంటి గింజతో ఆ లాభాన్ని పోగొట్టుకోవడం దండగ.

పాత కథలు రెండు, ఎందుకంటే అవి ధరకు సంబంధించినవి

అమెరికాలో 1920లలో బాక్టీరియా వడలు తెగులు (మొక్క వాడి చచ్చే తెగులు) పాత మడులను తుడిచిపెడుతుంటే, దానికి తట్టుకునే రేంజర్ అనే రకం 1940ల మొదట్లో వచ్చింది. 1953లో విస్కాన్సిన్ నుంచి వెర్నల్ వచ్చింది. ఆ రకాలు దశాబ్దాలు నిలిచాయి. ఆంత్రాక్నోస్ కథ వేరు. 1970లలో ఆర్క్ అనే రకం వచ్చి రైతులను ఆదుకుంది, కానీ కొన్నేళ్లకే ఆ శిలీంధ్రంలో కొత్త తెగ ఒకటి కనిపించింది. ఆర్క్ దాన్ని ఆపలేకపోయింది. కొన్ని తెగుళ్ల విషయంలో నిరోధకత చాలాకాలం నిలుస్తుంది, కొన్నిటిలో నిలవదు. ఎక్కువ ధర కట్టే ముందు ఇది గుర్తుండాలి.

ఆస్ట్రేలియాలో అందరూ హంటర్ రివర్ అనే ఒకే రకం వేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు. 1977లో మచ్చల పేనుబంక అనే రసం పీల్చే పురుగు ఆ దేశంలో అడుగుపెట్టింది. హంటర్ రివర్‌కు దాని మీద ఏ రక్షణా లేదు, మడులకు మడులు పోయాయి. అప్పుడు ఆదుకున్నవాటిలో కాలిఫోర్నియాలో తయారైన సీయూఎఫ్ 101 ఒకటి. ఈ పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మన మడిలో వచ్చేదేమిటి?

అమెరికా కంపెనీల పట్టికలో మామూలుగా ఆరు తెగుళ్లు ఉంటాయి: బాక్టీరియా వడలు, ఫ్యుజేరియం వడలు, వెర్టిసిలియం వడలు, ఆంత్రాక్నోస్, ఫైటోఫ్తోరా వేరుకుళ్లు, ఆఫనోమైసిస్ వేరుకుళ్లు. ఒక్కోదానికి 5 మార్కుల చొప్పున 30కి ఇంత అని వేస్తారు. 30కి 30 వచ్చిన రకం అనగానే మనకు కళ్లు మెరుస్తాయి. కానీ వీటిలో బాక్టీరియా వడలు, వెర్టిసిలియం ప్రధానంగా చలి ప్రాంతాల తలనొప్పులు. బెంగళూరు చుట్టూ చలికాలంలో కోతను పాడుచేసే బూజు తెగులు, తుప్పు, ఆకుమచ్చ తెగుళ్లకు ఆ 30లో ఒక్క మార్కు కూడా లేదు! ఏ జబ్బుకు టీకా వేయించుకుంటున్నామో చూసుకోకుండా డబ్బు కట్టినట్టే అవుతుంది.

కాబట్టి ముందు మీ మడిలోకో, లూసర్న్ వేసిన దగ్గరి రైతు మడిలోకో వెళ్లి చూడండి. వెళ్తే పొద్దున్నే వెళ్లండి.

నవంబరు నుంచి జనవరి దాకా, పొగమంచు పడే రోజుల్లో, ఆకు పైన లేత పసుపు మచ్చలు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. వెనకవైపు బూడిద, ఊదా రంగులు కలిసిన నూగు ఉంటే అది బూజు తెగులు. ఎండ ఎక్కాక ఆ నూగు సరిగా కనిపించదు. చిగుళ్లు ముడుచుకుని గుత్తిలా అవుతాయి. ఆకు వెనక ఇటుక రంగు పొడి ఉండి, రుద్దితే వేలికి అంటితే తుప్పు. చిన్న చిన్న గోధుమ రంగు చుక్కలు, ఒక్కోటి ఆవగింజ అంత, నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటే ఆకుమచ్చ. ఈ మూడూ మొక్కను చంపవు, ఆకు రాలుస్తాయి. లూసర్న్‌లో మాంసకృత్తులు ఎక్కువగా ఆకులోనే ఉంటాయి కాబట్టి నష్టం చిన్నదేమీ కాదు. అయినా దీనికి మందు కన్నా కొడవలి నయం: తెగులు ముదరకముందే నాలుగైదు రోజులు ముందుగా కోసేస్తే ఆకు చేతికొస్తుంది, కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. ఆవుకు వేసే మేత మీద శిలీంధ్రనాశిని కొట్టడం నాకు అసలు నచ్చదు. తప్పనిసరై కొడితే, లేబుల్ మీద చెప్పిన గడువు తీరేదాకా ఆ కోతను పశువుకు వేయకూడదు.

మొక్కను చంపేవి నేలలో ఉంటాయి. మడిలో అక్కడక్కడా దుబ్బులు వాడిపోతుంటే పారతో ఒకదాన్ని తల్లివేరుతో సహా తవ్వి తీయండి, లాగితే వేరు తెగిపోయి అసలు సంగతి నేలలోనే ఉండిపోతుంది. కడిగి, కత్తితో నిలువుగా చీల్చండి. వేరు మీద గోధుమ, పసుపు రంగుల్లో మెత్తబడిన మచ్చలుండి, కొంత లోతు నుంచి కింది వేరు కుళ్లి ఊడిపోయి ఉంటే ఫైటోఫ్తోరా. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నీళ్లు నిలిచిన పల్లంలో ఇదే ఎక్కువ. వేరు బయటికి బాగానే ఉండి, లోపల నడిమి చారలో ఎర్రగోధుమ రంగు గీతలు కనిపిస్తే ఫ్యుజేరియం. ఇందులో దుబ్బులో ఒకవైపు కొమ్మలు మాత్రమే వెలిసిపోయి, రెండోవైపు పచ్చగా ఉండటం కూడా కనిపిస్తుంది. కాండం కింది భాగంలో గడ్డి రంగు మచ్చ, చుట్టూ గోధుమ అంచు, కొస చేతికర్ర పిడిలా వంగి ఎండిన కొమ్మ, దుబ్బు మొదలు కోసి చూస్తే నీలినలుపు ఉంటే ఆంత్రాక్నోస్. వీటికే తట్టుకునే రకం అవసరం. కోత ముందుకు జరిపితేనో మందు కొడితేనో ఇవి తగ్గవు.

పసుపు రంగు కనిపించగానే తెగులని టెన్షన్ పడొద్దు. మన ఎర్రనేలల్లో బోరాన్ తక్కువైనా చిగురు దగ్గరి ఆకులు పసుపుబారి, కణుపులు దగ్గరైపోతాయి. పొటాష్ కొరవడితే ఆకు అంచుల్లో తెల్ల చుక్కలు పడతాయి. ఏడాది పొడుగునా కోసుకుపోయే పంట, ప్రతి కోతతో బోలెడంత పొటాష్ నేలలోంచి వెళ్లిపోతుంది. తిరిగి ఇవ్వకపోతే ఎంత గొప్ప రకమైనా రెండో ఏడాదికి పలచబడుతుంది.

ఇప్పుడు ఎంపికలు

దక్షిణాదిలో ఎక్కువగా వినిపించే మన దేశపు రకాలు మూడు. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన సీఓ 1, మహారాష్ట్ర రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆర్ఎల్ 88, గుజరాత్ ఆణంద్ నుంచి వచ్చిన ఆనంద్ 2. మూడూ బహువార్షికాలే, అంటే ఒకసారి వేస్తే కొన్నేళ్లు కోతకొచ్చేవి. వీటిని ప్రధానంగా దిగుబడి, ఎక్కువ కోతలు, మన ఎండకు నిలవడం చూసి ఎంపిక చేశారు. ఆరు తెగుళ్ల మార్కుల పట్టిక వీటి సంచుల మీద ఉండదు. లేనంత మాత్రాన తెగుళ్లకు లొంగిపోతాయని కాదు. మన వాతావరణంలోనే కోతకు నిలిచిన మొక్కల్లోంచి ఏరినవి కాబట్టి మన ఎండ, మన వానల వడపోత కొంత వాటంతట అదే జరిగిపోయింది. సీఓ 1 మంచి యాజమాన్యంలో హెక్టారుకు ఏడాదికి 70 నుంచి 80 టన్నుల పచ్చిమేత ఇస్తుందని చెబుతారు. ఆ లెక్కన పది గుంటలకు (పావు ఎకరానికి) రోజుకి సగటున ఇరవై కిలోలు, నాలుగు ఆవులకు తలా అయిదు కిలోలు. మొదటిసారి వేసేవాళ్లకు నేను చెప్పేది వీటిలోంచే: నీరు పోయే ఎర్రనేలకు సీఓ 1 లేదా ఆర్ఎల్ 88, రెండిట్లో ఏది కొత్త విత్తనంగా, నమ్మకమైన చోట దొరికితే అది. తేమ తక్కువ ఉండే తేలిక నేలకు ఆనంద్ 2ను కూడా చూడొచ్చు. పంజాబు నుంచి వచ్చే ఎల్ఎల్‌సీ 5 లాంటివి అక్కడి చలికాలానికి తగినవి. రేటు తక్కువని అవి తెచ్చుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక విదేశీ రకాలు. వీటిలో తెగుళ్ల మార్కుల కన్నా ముందు చూడాల్సిన అంకె ఒకటుంది, నిద్రావస్థ రేటింగు. 1 నుంచి 11 దాకా ఉంటుంది. 1, 2, 3 అంటే పగటి వెలుగు తగ్గి చలి మొదలవగానే పెరగడం ఆపేసి మంచులో పడుకునే రకం. 8 నుంచి 11 అంటే చలికాలంలో కూడా పెరుగుతూనే ఉండేవి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరుకు మంచు పడదు, మనకు డిసెంబరులోనూ కోత కావాలి. అందుకని 8కి తక్కువున్న రకం ఎన్ని మార్కులు తెచ్చుకున్నా వద్దు. సీయూఎఫ్ 101 రేటింగు 9, పేనుబంకను తట్టుకోవడానికే తయారు చేసింది. ఆ తరహా, అంటే నిద్రావస్థ లేని, ఫైటోఫ్తోరాకూ ఫ్యుజేరియంకూ "నిరోధకత" లేదా అంతకు మించిన ముద్ర ఉన్న రకం సరైన దిగుమతిదారు ద్వారా దొరికితే, ఒక పరిస్థితిలో డబ్బు పెట్టడం సమంజసం: ఇంతకుముందు వేసిన లూసర్న్ వేరు తెగుళ్లతో పోయింది, నీరు బయటికి పోయే దారి బాగుచేశారు, అయినా నేల బంకగా ఉంది. అప్పుడు కూడా మొదట రెండు గుంటల్లో వేసి, పక్కనే సీఓ 1 రెండు గుంటలు వేసి, ఒక వానాకాలం దాటించి చూడండి. ఆకు తెగుళ్లు రెండు మడుల్లో ఎలా ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. ఎందుకంటే ఎడారి లాంటి పొడి వాతావరణంలో నీరు పెట్టి పెంచిన రకానికి మన అక్టోబరు తేమ కొత్త.

కలుపు మందు తట్టుకునే జన్యుమార్పిడి అల్ఫాల్ఫా కూడా అమెరికాలో ఉంది. మన దేశంలో దానికి అనుమతి లేదు. ఎవరైనా చాటుగా అమ్మజూపితే దాని జోలికి పోవద్దు.

మూడో దారి ఒకటుంది, చాలామంది దీన్ని లూసర్న్ అనుకునే కొంటారు. అది హెడ్జ్ లూసర్న్, మనవాళ్లు దశరథ గడ్డి అంటారు. పేరులో తప్ప లూసర్న్‌తో దానికి దగ్గరి చుట్టరికం లేదు, ఆకు చూస్తే చిన్న సుబాబుల్ అనిపిస్తుంది. లూసర్న్ గింజ మూత్రపిండం ఆకారంలో, పసుపుపచ్చగా, చిన్నగా ఉంటుంది. దశరథ గడ్డి గింజ గోధుమరంగులో నున్నగా మెరుస్తుంది. దీని గింజకు పైపొర గట్టి, వేడినీటి శుద్ధి చేయకపోతే మొలక సరిగా రాదు. విత్తిన మూడు నెలలకు మొదటి కోత, తర్వాత నలభై రోజులకొకటి. కాండం లూసర్న్ కన్నా గట్టి, చాఫ్ కట్టర్‌లో వేయాలి. ఆకులో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, పొట్ట ఉబ్బరం భయం లేదు, పుల్లటి ఎర్రనేలను లూసర్న్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. లూసర్న్‌ను చంపే తెగుళ్ల జాబితాతో దీనికి పెద్దగా పని లేదు. నేల ఉదజని సూచిక (పీహెచ్, అంటే నేల పులుపును చెప్పే అంకె) 6 లోపు ఉండి, సున్నం వేసే ఓపిక లేకపోతే, లేదా వారానికొకసారి నీళ్లిచ్చేంత బోరు లేకపోతే, లూసర్న్ రకాల గురించి ఈ తర్జనభర్జన అంతా పక్కనపెట్టి దశరథ గడ్డి వేసుకోండి. చిన్న పాడి వాళ్లలో సగం మందికి ఇదే సరైన జవాబని నా ఉద్దేశం. కాకపోతే పాలిచ్చే ఆవు లూసర్న్ తిన్నంత ఇష్టంగా దీన్ని తినదు. కాండం ముదిరితే తొట్టిలోనే మిగిల్చేస్తుంది.

విత్తనం దగ్గర చూసుకోవాల్సినవి

సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగు, దాన్ని పండించడానికి వాడే ఫౌండేషన్ విత్తనానికి తెలుపు ట్యాగు ఉంటాయి. కంపెనీ తన సొంత హామీతో అమ్మే విత్తనానికి లేత ఆకుపచ్చ ట్యాగు. లూసర్న్‌లో నేను ట్యాగు మీద పట్టుబట్టేది ముఖ్యంగా బంగారు తీగ వల్ల. ఆ పరాన్నజీవి గింజ లూసర్న్ గింజలో కలిసి వస్తే, పసుపు దారాలు మడి మీద వలలా అల్లుకుంటాయి. ఒకసారి గింజ నేలలో పడిందంటే ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది. ఏ నిరోధక రకమూ దాన్ని ఆపదు. మడిలో ఒక్క చోట కనిపించినా ఆ చుట్టూ లూసర్న్‌తో సహా కోసి, అక్కడే కాల్చేయాలి. ఆ కోత పశువుకు వేస్తే పేడతో గింజ మళ్లీ పొలానికే చేరుతుంది.

ఎక్కడ అడగాలంటే, హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వపు ప్రాంతీయ మేత కేంద్రం ఉంది. హెబ్బాళ దగ్గర జీకేవీకే ప్రాంగణంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఏటా జరిగే కృషి మేళాకు వెళ్తే మేత పంటల ప్లాట్లు కళ్లారా చూసుకోవచ్చు. పశుగ్రాస పరిశోధన సంస్థ ఝాన్సీలో ఉన్నా, దాని దక్షిణ కేంద్రం ధార్వాడలోనే ఉంది. పాల సంఘం ద్వారా మేత విత్తనం ఇచ్చే రోజుల్లో ముందే పేరు రాయించుకోండి. అమ్మేవాళ్లను మూడు మాటలు అడగండి: ఇది ఏకవార్షికమా బహువార్షికమా, విదేశీదైతే నిద్రావస్థ అంకె ఎంత, ఏ తెగులుకు ఏ స్థాయి నిరోధకత. "అన్నిటికీ" అన్నారంటే వాళ్లకు తెలియదని అర్థం.

విత్తేటప్పుడు గింజకు పట్టించే రైజోబియం కల్చర్ (వేరుబుడిపెల్లో నత్రజని పట్టి ఇచ్చే బాక్టీరియా) లూసర్న్‌దే కావాలి. వేరుశనగకు మిగిలిన పాకెట్ దీనికి పనిచేయదు. దీని వేరుబుడిపెల బాక్టీరియా వేరే జాతి. వేరు పీకి చూస్తే బుడిపెలు లోపల గులాబీ రంగులో ఉండాలి.

నేల సరిగా లేకపోతే రకం ఏం చేస్తుంది?

లూసర్న్‌కు ఉదజని సూచిక 6.5 నుంచి 7.5 మధ్య ఉండాలి. బెంగళూరు గ్రామీణ జిల్లాలో చాలా ఎర్రనేలలు దానికన్నా పుల్లగా ఉంటాయి. మట్టి పరీక్ష చేయించి, చెప్పినంత సున్నం విత్తడానికి రెండు మూడు నెలల ముందే కలియదున్నాలి. విత్తే రోజు చల్లితే అప్పటికప్పుడు ఫలితం రాదు.

నీరు పోతుందో లేదో చూడటానికి ఖర్చేమీ లేదు. సెప్టెంబరు వానల్లో మడిలో అడుగున్నర గుంత తవ్వి, నిండా నీళ్లు పోయండి. మర్నాడు పొద్దున్నకి ఇంకిపోతే సరే. ఇంకా నిలిచి ఉంటే ఆ చోట ఫైటోఫ్తోరాకు "అత్యధిక నిరోధకత" ఉన్న రకం కూడా నిలవదు. ఎత్తు మడులు చేసుకుని, మధ్య మురుగు కాలువలు తీసుకుని వేయాలి. వానలు తగ్గాక, అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరులో విత్తడం మన ప్రాంతానికి బాగుంటుంది. లేత మొలక భారీ వానలో నీట మునగదు, చలికాలంలో కలుపు కూడా తగ్గుతుంది. వరుసల మధ్య ఇరవై అయిదు నుంచి ముప్ఫై సెంటీమీటర్లు, లోతు ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర.

మొదటి కోత 75, 80 రోజులకు. తర్వాత 25, 30 రోజులకొకటి, పూత అక్కడక్కడా మొదలైనప్పుడు. పాలు పెరుగుతున్నాయి కదా అని ఇరవై రోజులకే కోస్తూ పోతే తల్లివేరులో నిల్వ తగ్గి, తెగులు లేకుండానే దుబ్బు చస్తుంది. అప్పుడు రకాన్ని తిట్టుకుని లాభం లేదు. రెండు మడులుంటే కొత్త మడి ముందు కోసి, పాత మడి తర్వాత కోయండి. కొడవలికీ బ్రష్ కట్టర్ బ్లేడుకూ అంటుకుని తెగులు పాతదాన్నుంచి కొత్తదానికి వెళ్తుంది.

పశువుకు వేయడం గురించి ఒక్క మాట. పచ్చి లూసర్న్ ఒక్కటే కడుపునిండా తింటే పొట్ట ఉబ్బి, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. ముందు రాగి గడ్డి వేసి, కోసిన లూసర్న్‌ను కాసేపు వాడనిచ్చి, నేపియర్‌తో కలిపి ముక్కలు చేసి పెట్టండి. మొత్తం పచ్చిమేతలో పావు వంతు మించకుండా ఉంటే మంచిది. మంచు తడి మీద మేత వేయొద్దు. ఎడమ పక్క డొక్క ఉబ్బితే పశువుల డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి.

మడి పలచబడితే

మూడో ఏడాదికి ఖాళీలు కనిపిస్తాయి. అక్కడ మళ్లీ అదే విత్తనం చల్లి పూడ్చుదామని అందరికీ అనిపిస్తుంది. అది పనిచేయదు. పాత లూసర్న్ మొక్కల నుంచి మట్టిలో చేరే కొన్ని పదార్థాలు కొత్త లూసర్న్ మొలక వేరును ఎదగనివ్వవు. పైగా పాత మొక్కలను చంపిన శిలీంధ్రం అక్కడే కాచుకుని ఉంటుంది. ఖాళీల్లో ఆ సీజనుకు మేత జొన్న గానీ అలసంద గానీ చల్లి గడిపేయండి. చదరపు అడుగుకు మూడు దుబ్బులు కూడా లేని పరిస్థితి వస్తే మొత్తం దున్నేసి, ఒక ఏడాది రాగులో మొక్కజొన్నో వేసుకోండి. నేలలో లూసర్న్ వదిలిన నత్రజని ఆ పంటకు పనికొస్తుంది. ఆ ఏడాది లోపు, దున్నేటప్పుడు బయటపడిన తల్లివేర్లను చీల్చి చూసి ఏ తెగులో రాసిపెట్టుకోండి. మళ్లీ లూసర్న్ విత్తనం కొనేటప్పుడు ఏ నిరోధకత అడగాలో ఆ కాగితమే చెబుతుంది.